నాలుగంకె

రోడ్డుకు అటు పెట్రోలు బంకు.
ఇటు మా లాటు: వాడిన బండ్లు,
తాడుకు కట్టిన జెండాలు,
ఎండకు వెలిసి ఇప్పుడు ఏ రంగువో చెప్పలేం.
ఒహాయోలో, పాత నలభయ్యో నంబరు రోడ్డు మీద.

టెస్ పని, పొడుగాటి గెడకు రబ్బరు కప్పు తగిలించి
బోర్డు మీద అంకెల పలకలు మార్చడం.
నా పని, అద్దాల మీద తెల్లరంగుతో ధరలు రాయడం.
పొద్దున్నే ఇద్దరం ఎదురెదురుగా,
పలకా బలపం పట్టిన ఒకటో తరగతి పిల్లల్లా.

ఆ జూన్‌లో ఆమె అంకెలు ఎక్కుతుంటే
నావి దిగాయి.
ఆమె తొమ్మిది సెంట్లు కలిపిన రోజు
నేను రెండు వందల డాలర్లు తుడిచేశాను.
ఇద్దరం చేస్తున్నది ఒకే లెక్క అని
తెలియడానికి నెల పట్టింది.

ఒకనాడు గెడ భుజాన వేసుకుని రోడ్డు దాటి వచ్చింది.
"నాలుగులు చాలట్లేదు" అంది.
కంపెనీ పంపిన పెట్టె నిండా రెండులు, మూడులు.
గాలన్‌కు నాలుగు డాలర్లు పలుకుతుందని
పెట్టె సర్దినవాడు అనుకోలేదు పాపం.
అట్టముక్క మీద నల్లమార్కరుతో గీసిచ్చాను.
కాస్త వంకర.
తిరగేసి పెట్టిన కుర్చీలా ఉంటుంది చూడండి నాలుగు,
హోటలు కట్టేసే వేళ బల్ల మీదకెక్కించిన కుర్చీలా.

మా లాటులో వెనక వరస పెద్ద బండ్లది.
మూడు వరసల సీట్లు, పదకొండు కప్పుల గుంటలు,
ఎక్కడానికి విడిగా ఒక మెట్టు.
నిరుడు వాటిని మేం అమ్మలేదు,
అవే అమ్ముడుపోయాయి.
ఇప్పుడు ఒకదాని ముందు జాలీలో పిచ్చుక గూడు కట్టింది.
ఆ నెల వెనక వరసకు వచ్చిన బేరం అదొక్కటే.

మూల నున్న చిట్టి కారు కోసం మాత్రం
(తలుపుకు సొట్ట, ఏసీ లేదు, అద్దం చేత్తో తిప్పుకోవాలి)
ఇద్దరు నర్సులు డ్యూటీ బట్టల్లోనే పోట్లాడుకున్నారు.
రాసిన ధర మీద ఆరు వందలు ఎక్కువిచ్చి
మారిబెల్ ఎగరేసుకుపోయింది.

ఆర్విల్ హుబర్ శనివారం వచ్చాడు.
గాజు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
రానూ పోనూ డెబ్బై మైళ్లు.
రెండేళ్ల కింద ఆ బండి మా దగ్గరే కొన్నాడు,
ఆ రోజు ఫోటో తీసింది నేనే.
మా గ్రెచెన్ నోటితో ధర చెప్పలేదు,
కాలిక్యులేటరు అతని వైపు తిప్పింది.
అప్పు పంతొమ్మిది వేలు.
బండి పదకొండు.
"అమ్ముకోవడానికి నేనే డబ్బు కట్టాలా?"
ఎవరం మాట్లాడలేదు.
ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడేవాళ్లను చూశాను గానీ
మేత దగ్గర చతికిలబడ్డవాణ్ణి అప్పుడే చూడటం.

అతను వెళ్లి బండెక్కాడు,
స్టీరింగు ముందు కాదు, మూడో వరసలో.
చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.
సీటు సందులోంచి ఓ క్రేయాన్ ముక్క తీసి
జేబులో వేసుకున్నాడు.
"ఇక్కణ్ణుంచి రోడ్డే కనబడదేంటి" అన్నాడు
నాతోనో, తనలోనో.
తర్వాత ఏసీ ఆపి, అద్దాలు దించి,
గంటకు నలభై దాటకుండా పోనిచ్చాడు.
వెనక కార్లు హారన్లు కొడుతూనే ఉన్నాయి.

తర్వాతెప్పుడో ధర దిగింది.
ఎందుకు ఎక్కిందో తెలియనట్టే
ఎందుకు దిగిందో కూడా మాకు తెలియదు.
వెనక వరస దుమ్ము కడిగాం.
జాలీలో చెయ్యి పెట్టి గూడు తీశాను,
ఖాళీదే.

ఆ బండికి మొదట వచ్చింది మారిబెల్.
"చిట్టిదాంట్లో మోకాళ్లు పట్టేస్తున్నాయి" అంది.
మెట్టెక్కి, తలుపేసుకుని,
అంత ఎత్తునుంచి నన్ను చూసి నవ్వింది.
గాలన్‌కు ఎన్ని మైళ్లిస్తుందో
జవాబు నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాను.
అడగలేదు.

సాయంత్రం కాఫీకని బంకుకెళ్తే
కౌంటరు కింద, చూయింగ్ గమ్ డబ్బాల వెనక
నేను గీసిన అట్ట నాలుగు.
పారేయలేదా అన్నాను.
టెస్ చిల్లర లెక్కపెడుతూ తలెత్తలేదు.

వాన తగలకుండా
దానికి రెండు పక్కలా టేపు వేసి ఉంది.